ముప్పై మీటర్ల లోపల

ద్రోణుడు శిష్యులకు పెట్టిన పరీక్ష మనందరికీ తెలిసిందే. చెట్టు మీద పిట్ట ఉంటుంది. ఏం కనిపిస్తోందని గురువుగారు అడుగుతారు. ఒకడికి చెట్టూ కొమ్మలూ అన్నదమ్ములూ అన్నీ కనిపిస్తాయి, అర్జునుడికి మాత్రం పిట్ట కన్నే కనిపిస్తుంది (భారతంలో అయితే తల, కన్ను మనం చెప్పుకుంటూ చెప్పుకుంటూ చేర్చుకున్నది). ఈ కథలో చాలామంది మర్చిపోయే సంగతి ఒకటుంది. ఆ పిట్ట నిజం పిట్ట కాదు, ద్రోణుడు పనివాళ్ల చేత చేయించి చెట్టు మీద పెట్టించిన బొమ్మ. కాబట్టి ఎవరి బాణమైనా పక్కగా తగిలి ఉంటే మహా అయితే గురువుగారికి కోపం వచ్చేది, అంతే. రెక్క విరిగి పొదల్లోకి పోయే పిట్ట ఆ పరీక్షలో లేదు. అందుకే కాబోలు, పిట్ట ఎంత దూరంలో ఉందని అక్కడెవరూ అడగలేదు.

నేనుండే విక్టోరియా రాష్ట్రంలో పిల్లలకు వేట నేర్పేటప్పుడు అడిగే మొదటి ప్రశ్న మాత్రం అదే. ఎంత దూరం? కాస్త తీగ లాగితే ఈ చిన్న ప్రశ్న వెనక డెబ్బై ఏళ్ల చరిత్ర బయటపడింది. అది మీతో పంచుకుందామని.

ముందు నా సంగతి చెప్పేస్తే గొడవ వదిలిపోతుంది. నేను తుపాకీ పట్టినవాణ్ణి కాదు. అలాగని శాకాహారినీ కాదు. ప్రతి శనివారం సూపర్‌మార్కెట్లో ప్లాస్టిక్ ట్రేలో కోడి తొడలు కొని తెచ్చుకునేవాణ్ణి, కాబట్టి వేటగాళ్ల మీద విరుచుకుపడే అర్హత నాకు పెద్దగా లేదు. ఉద్యోగరీత్యా కొన్నాళ్లు ఉత్తర విక్టోరియాలో ఒక చిన్న ఊరికి వారానికి మూడు రోజులు వెళ్లి రావలసి వచ్చింది. అక్కడ మార్చి నెలొస్తే ఆఫీసులో కాఫీ మెషీను దగ్గర మాటలన్నీ బాతుల గురించే. మనకి సంక్రాంతి ముందు కోడిపందేల కబుర్లు ఎలాగో వాళ్లకి ఇవి అలాగ. నీళ్లెక్కడున్నాయి, ఈ ఏడు రోజుకెన్ని బాతులకి అనుమతిచ్చారు, ఏ జాతులు కొట్టకూడదన్నారు, ఇవే.

ఇక్కడ సీజను సాధారణంగా మార్చి మధ్యలో మొదలవుతుంది. ఆస్ట్రేలియా అంతటా ఈ వేట ఉందనుకునేరు. పశ్చిమ ఆస్ట్రేలియాలో 1990లోనూ, న్యూ సౌత్ వేల్స్‌లో 1995లోనూ, క్వీన్స్‌లాండ్‌లో 2005లోనూ సరదా కోసం బాతుల్ని వేటాడ్డం నిషేధించారు. విక్టోరియాలో మాత్రం ఉంది, ఏటా గొడవల మధ్య నడుస్తూనే ఉంది. పన్నెండేళ్లు నిండిన పిల్లలు కూడా జూనియర్ లైసెన్సు తీసుకుని, పక్కన లైసెన్సున్న పెద్దవాళ్లుంటే కాల్చవచ్చు. ఇది విన్నప్పుడు మా ఆవిడ వేసిన మొహం ఇక్కడ వర్ణించను.

మనలో చాలామందికి తుపాకీ అంటే సినిమా తుపాకీ. ఒక తూటా, ఒక మనిషి. పిట్టల్ని కొట్టే షాట్‌గన్ సంగతి వేరు. దాని తూటాలో ఒకే గుండు ఉండదు, ఆవాలకూ మిరియాలకూ మధ్య పరిమాణంలో బోలెడు చిన్న గుండ్లుంటాయి. బాతులకి వాడే 32 గ్రాముల నాలుగో నంబరు ఉక్కు తూటాలో రెండు వందల పైచిలుకు. గొట్టంలోంచి ముద్దగా బయటికొచ్చి, పోనుపోను విచ్చుకుంటాయి. గజానికి ఒక అంగుళం చొప్పున వెడల్పవుతుందని పాతకాలం మోటు లెక్క. గొట్టం కొసని కాస్త బిగించి (దాన్ని చోక్ అంటారు) ఈ విచ్చుకోవడాన్ని కొంత అదుపులో పెట్టుకోవచ్చు.

ఇక మన లెక్కలు మనం వేసుకుందాం. దూరం రెండింతలైతే గుండ్లు పరుచుకునే వైశాల్యం నాలుగింతలవుతుంది. పాతిక మీటర్ల దగ్గర బాతు ఒంటి మీద ఎనిమిది గుండ్లు పడతాయనుకుంటే, యాభై మీటర్ల దగ్గర పడేవి రెండు. ఆ రెండూ కూడా గాలితో కొట్లాడి నీరసించి వస్తాయి, ఉక్కు సీసం కన్నా తేలిక కాబట్టి మరీను. బాతు చూడ్డానికి పెద్దగా కనిపిస్తుంది గానీ అందులో అధికభాగం ఈకలు. తగిలితే వెంటనే చచ్చిపోయే చోటు, అంటే తల, మెడ, గుండె, ఊపిరితిత్తులు ఉండే చోటు, గుప్పెడంత. మిగతా చోట తగిలిన గుండు పిట్టని చంపదు.

ఇదీ అసలు సంగతి. దగ్గర్నుంచి కాలిస్తే పిట్ట చస్తుంది, లేదా గురి తప్పి బతుకుతుంది. దూరం నుంచి కాలిస్తే మూడోది కూడా జరుగుతుంది. తగులుతుంది, చావదు. ఒక్క కుదుపు కుదిపి ఎగిరిపోతుంది. కాల్చినవాడు తప్పిపోయిందనుకుని మళ్లీ తూటా వేసుకుంటాడు. ఆ పిట్ట ఎక్కడో రెల్లులో పడి మూడు రోజులకి చస్తుంది, లేకపోతే ఒంట్లో గుండు పెట్టుకుని ఏళ్ల తరబడి తిరుగుతుంది. మన కథల్లో ఈ మూడో పిట్ట గురించి మాట్లాడిందెవరా అని ఆలోచిస్తే సిద్ధార్థుడొక్కడే తట్టాడు. దేవదత్తుడి బాణం తగిలి తోటలో పడ్డ హంసని ఒళ్లో పెట్టుకున్నవాడు. చిన్నప్పుడు చదువుకున్న ఆ పాఠంలో హంస ఎవరిదన్న తగువే గుర్తుంది గానీ, దేవదత్తుడు అంత దూరం నుంచి ఎందుకు కొట్టాడన్న ప్రశ్న అప్పుడు రాలేదు.

ఇక్కడ వేట తుపాకీతో మొదలు కాలేదు. మర్రే నది వెంబడి ఉన్న ఆదివాసులు వేల ఏళ్లుగా బాతుల్ని వలల్తో పట్టారు. పందొమ్మిదో శతాబ్దంలో వచ్చిన తెల్లవాళ్లు చూసి ఆశ్చర్యపోయి రాసిపెట్టిన పద్ధతి ఇది. చెట్ల మధ్య, నీటిపాయకి అడ్డంగా పెద్ద వల వేలాడదీస్తారు. కొంతమంది పైనుంచి బాతుల్ని లేపుతారు. గుంపు మరీ ఎత్తుగా ఎగురుతుంటే ఒకడు డేగలాగా ఈల వేసి, చెట్టు బెరడు ముక్కని గిరగిరా గాల్లోకి విసురుతాడు. డేగ వచ్చిందనుకుని బాతులన్నీ నీటి మీదికి దిగి, నేరుగా వలలోకి పోతాయి. ఎంత తెలివో చూడండి. వలలో పడ్డది దొరికినట్టు, పడనిది ఒంటి మీద గీత లేకుండా పోయినట్టు. మూడోది లేదు.

మనవైపు కూడా అంతే కదా. యానాదుల ఉచ్చులు, నక్కలవాళ్ల కౌజు వలలు, కొల్లేటి పల్లెల్లో పరజల కోసం రాత్రిపూట కట్టే వలలు. పెంచిన పిట్టని ఎరగా కట్టి అడవి పిట్టల్ని రప్పించడానికి మనకి 'దీమం' అని ఒక చక్కటి మాట కూడా ఉంది, ఇప్పుడు నిఘంటువుల్లో తప్ప కనిపించడం లేదు. 1972లో వన్యప్రాణి రక్షణ చట్టం వచ్చాక ఇవన్నీ నేరాలయ్యాయి. చాటుమాటుగా ఇంకా జరుగుతూనే ఉన్నాయనుకోండి. మా తాతగారి తరంలో ఊళ్లో ఒకరిద్దరికి లైసెన్సు తుపాకులుండేవి. చెరువు మీద వాలిన బాతుల గుంపు మధ్యలోకి కాల్చడం, రెండో మూడో పడితే తెచ్చుకోవడం. 'ఒక్క దెబ్బకి రెండు పిట్టలు' అని మనం తెగ మెచ్చుకునే వ్యవహారం అచ్చంగా ఇదే! మిగిలిన వాటిలో ఎన్నింటికి తగిలిందో లెక్క చూసినవాళ్లు లేరు.

తెల్లవాళ్లు ఇక్కడికి తెచ్చింది కూడా ఆ పద్ధతే, ఇంకా పెద్ద ఎత్తున. మెల్‌బోర్న్ మార్కెట్లో బాతులకి గిరాకీ ఉండేది. సరస్సుల మీద అడుగులోతు పడవలకి పెద్ద పెద్ద తుపాకులు బిగించి, నీళ్ల మీద కూర్చున్న గుంపుల మీద ఒకేసారి పేల్చేవాళ్లు. బాతులు గుడ్లు పెట్టే కాలంలో చంపకూడదని విక్టోరియా 1862లోనే చట్టం చేసింది. ఎప్పుడు చంపకూడదో చెప్పింది గానీ ఎలా చంపాలో చెప్పలేదు.

రెండో ప్రపంచయుద్ధం తర్వాత కార్లు పెరిగాయి, తుపాకులు పెరిగాయి, చిత్తడి నేలలు మాత్రం వ్యవసాయానికీ కాలవలకీ పోయి తగ్గాయి. ఇలాగైతే కాల్చడానికి పిట్టలే మిగలవని ముందుగా గాభరా పడింది వేటగాళ్లే. 1958లో ఒక సంఘంగా ఏర్పడి (ఇప్పుడు ఫీల్డ్ అండ్ గేమ్ ఆస్ట్రేలియా అంటున్నారు), మా దగ్గర లైసెన్సు రుసుము వసూలు చెయ్యండి, ఆ డబ్బుతో చిత్తడి నేలలు కాపాడండి అని ప్రభుత్వాన్ని అడిగారు. అలా మొదలైన స్టేట్ గేమ్ రిజర్వులు ఇప్పుడు రాష్ట్రంలో రెండు వందల దాకా ఉన్నాయి. పన్ను వెయ్యమని అడిగిన జనాన్ని నేను ఇంకెక్కడా చూళ్లేదు. ఇదే కాలంలో సి.ఎస్.ఐ.ఆర్.ఓ. శాస్త్రవేత్త హ్యారీ ఫ్రిత్ ఈ దేశపు బాతులు ఎక్కడ వానపడితే అక్కడికి వందల మైళ్లు పోయే దేశదిమ్మరులని పరిశోధించి, 1967లో పెద్ద పుస్తకమే వేశాడు.

మూడో పిట్ట సంగతి మొదట బయటపెట్టింది మాత్రం ఎక్స్‌రే యంత్రం. అమెరికాలో ఇలినాయ్ రాష్ట్రానికి చెందిన ఫ్రాంక్ బెల్‌రోజ్ అనే శాస్త్రవేత్త బతికున్న బాతుల్ని పట్టి ఫ్లోరోస్కోపు కింద పెట్టి చూశాడు. 1953లో ఆ వివరాలు ప్రచురించాడు. పైకి నిక్షేపంగా ఉన్న బాతుల ఒళ్లలో సీసం గుండ్లు! ఇక్కడ విక్టోరియాలో కూడా అలాగే బతికున్న బాతులకి ఎక్స్‌రేలు తీసి చూసిన పరిశోధన 1976లో అచ్చయింది. ఇక్కడా అంతే, కండలో గుండ్లు. ఇవి బతికిపోయినవాటి లెక్క మాత్రమేనని గుర్తుపెట్టుకోండి. రెల్లులో చచ్చినవి ఎక్స్‌రే టేబుల్ దాకా రావు కదా. ఆ సంఖ్య ఎంతన్నది ఇప్పటికీ తగువే. వేటగాళ్లు చెప్పేది ఒకటి, జంతు సంక్షేమ సంఘాలు చెప్పేది ఒకటి, రెంటికీ మధ్య ఏనుగు పట్టేంత ఖాళీ.

బెల్‌రోజ్ ఇంకో సంగతి కూడా బయటపెట్టాడు. గురి తప్పి చెరువుల అడుగున పడ్డ సీసం గుండ్లని బాతులు గులకరాళ్లనుకుని మింగి, విషమెక్కి చస్తున్నాయని. దానిమీద దశాబ్దాలు వాదులాడుకుని చివరికి 1991 నాటికి అమెరికా అంతటా నీటిపక్షుల వేటకి సీసం నిషేధించారు. విక్టోరియాలో బాతుల వేటకి 2000ల మొదట్లో పూర్తిగా పోయింది. సీసం బదులు ఉక్కు వచ్చింది. వచ్చీరాగానే వేటగాళ్లు గగ్గోలు పెట్టారు, ఉక్కు తేలిక, పిట్టని చంపదు, గాయపరిచి వదిలేస్తుంది అని.

ఇక్కడ టామ్ రాస్టర్ అనే అమెరికన్ గురించి చెప్పాలి. తూటాల శాస్త్రంలో ఆరితేరినవాడు. ఏ తూటా ఎంత దూరంలో ఏ పిట్టని చంపుతుందో వేలకొద్దీ పిట్టల మీద పరీక్షలు చేసి పట్టికలు తయారుచేసిన మనిషి. వేటగాళ్ల తరగతుల కోసం విక్టోరియాకి కూడా వచ్చాడు. ఆయన చెప్పింది తూటాల కంపెనీలకి ఏమాత్రం రుచించే సంగతి కాదు. లోపం తూటాలో కాదయ్యా, నీలో ఉంది అన్నాడు. తూటా నలభై మీటర్ల దగ్గర చంపగలదు, నువ్వు నలభై మీటర్ల దగ్గర కొట్టలేవు. మట్టి పలకల మీద పరీక్షించి చూస్తే చాలామంది సామర్థ్యం ముప్పై దగ్గరే ఆగిపోతోంది, పైగా ముప్పై అంటే ఎంతో వాళ్లకి తెలియదు, యాభైని చూసి ముప్పై అనుకుంటున్నారు. విక్టోరియాలో ఇప్పుడిచ్చే సలహా, మామూలు వేటగాడు ముప్పై మీటర్ల లోపలే కాల్చాలన్నది, ఈ ఆలోచనా ధోరణి నుంచి వచ్చిందే.

దీన్ని ఒక పిల్లాడికి ఎలా నేర్పుతారన్నది నేను కళ్లారా చూశాను. నా సహోద్యోగి ఒకాయన, వాళ్ల అబ్బాయి. పద్నాలుగేళ్లు, మా వాడి ఈడే. సీజనుకి నెల ముందు ఒక ఆదివారం వాళ్ల పొలంలో పాఠం పెట్టుకుంటున్నాం, చూస్తావా అన్నాడు. నాతోపాటు మావాణ్ణీ తీసుకెళ్లాను. (వాడు కారు దిగగానే "నేనూ ఒకసారి కాల్చొచ్చా?" అన్నాడు. లైసెన్సు లేకుండా కుదరదని నాకన్నా ముందు ఆ అబ్బాయే చెప్పాడు, కాస్త గర్వంగానే.)

రెండు గంటల దాకా ఒక్క తూటా కూడా పేలలేదు. తుపాకీ మడత విప్పి, ఖాళీగా, కారు బానెట్ మీద పెట్టి ఉంది. పొలంలో అక్కడక్కడా అట్టముక్కలతో కత్తిరించిన బాతులు, అసలు బాతంత సైజువి, కర్రలకి గుచ్చి ఉన్నాయి. తండ్రి వేలు చూపించి అడుగుతాడు.

"అదెంత దూరం?"

"ముప్పై."

"నడు."

కుర్రాడు అంగలు లెక్కపెట్టుకుంటూ పోయాడు. నలభై నాలుగు. తిరిగొచ్చాక ఇంకోటి. ఈసారి పాతికన్నాడు, ముప్పై ఆరొచ్చింది. మావాడు కూడా ఉత్సాహపడి ఒకటి చెప్పాడు గానీ వాడిది మరీ ఘోరం. నేను నోరు విప్పలేదు. నేల మీద ఉన్నవాటికే ఇలా ఉంటే, ఆకాశంలో ఉన్న పిట్టకి పక్కన పోల్చుకోవడానికి చెట్టూ ఉండదు, కంచే ఉండదు. నీలం రంగు మీద నల్లచుక్క. అది ఉన్నదానికన్నా దగ్గరగానే కనిపిస్తుందట.

మనవాళ్లకి ఈ దూరం అర్థమవ్వాలంటే క్రికెట్ మైదానం చాలు. పిచ్ ఇరవై రెండు గజాలు, అంటే ఇరవై మీటర్లు. వన్‌డేల్లో గీసే లోపలి సర్కిల్ ముప్పై గజాలు, ఇరవై ఏడున్నర మీటర్లకి కొంచెం తక్కువ. బ్యాటింగ్ చేస్తూ కవర్‌లో సర్కిల్ మీదున్న ఫీల్డర్‌ని చూడండి. ఆ మనిషి నెత్తి మీద ఎగిరే పిట్ట వరకూ సరే. బౌండరీ దగ్గరున్నవాడి మీది పిట్ట మనది కాదు. నేనీ మాట చెబితే ఆ తండ్రి తెగ సంబరపడి, అబ్బాయిని మళ్లీ మొదటినుంచి అడిగాడు. ఈసారి అంకెలు బాగా దగ్గరికొచ్చాయి. క్రికెట్ అలా కూడా పనికొచ్చింది.

తర్వాత చెరువు గట్టుకి వెళ్లాం. అక్కడ ప్లాస్టిక్ దీమం బాతుల్ని నీళ్లలో వదిలి, కాల్చేవాడు కూర్చునే చోటు నుంచి అన్నిటికన్నా దూరంగా ఉన్నది పాతిక మీటర్లకి మించకుండా లేజర్ యంత్రంతో కొలిచి పెట్టారు. ఆ చివరి బాతు దాటితే తుపాకీ భుజానికి ఎత్తకూడదు. దీమం అంటే పిట్టని మోసం చెయ్యడానికే అనుకునేవాణ్ణి. ఇక్కడ దానికి రెండో పని, వేటగాడికి గీత గియ్యడం. ఇంకో పాత కొండగుర్తు కూడా చెప్పాడాయన. ఈకల రంగులు విడివిడిగా తెలియాలి, కన్ను కనబడాలి. కన్ను కనబడలేదంటే దూరం ఎక్కువని అర్థం. నాకు అర్జునుడు గుర్తొచ్చి నవ్వొచ్చింది. ఎందుకు నవ్వుతున్నావని అడిగితే కథంతా చెప్పాల్సి వచ్చింది.

చివర్లో పేల్చారు, పిట్టని కాదు, కాగితాన్ని. మనిషంత కాగితం ఫ్రేముకి కట్టి, ఇరవై, ముప్పై, నలభై, యాభై మీటర్ల నుంచి ఒక్కోటి. తర్వాత అబ్బాయి నేల మీద బోర్లా పడుకుని కాగితం మీద డెబ్బై ఐదు సెంటీమీటర్ల వృత్తం గీసి, బొక్కలు లెక్కపెట్టి, అట్టబాతుని ఆ బొక్కల మీద అటూ ఇటూ జరిపి చూశాడు. ఇరవై దగ్గర ఎక్కడ పెట్టినా అట్ట కింద బోలెడు బొక్కలు. యాభై దగ్గర ఒకచోట పెడితే ఒక్కటీ లేదు. ఇంకోచోట పెడితే ఒకటి, తోక దగ్గర.

"దీనికేమవుతుంది?" అన్నాడు తండ్రి.

కుర్రాడు జవాబు చెప్పడానికి కొంతసేపు పట్టింది. "ఎగిరిపోతుంది" అన్నాడు. "తర్వాత?" అంటే ఏం మాట్లాడలేదు. ఆయన కూడా రెట్టించలేదు. ఇద్దరూ కాగితాలు చుట్టి కారులో పెట్టారు. మావాడు తిరుగు ప్రయాణంలో ఎప్పటిలా ఫోను తియ్యలేదు.

ఎగిరే పిట్ట విషయంలో ఇంకో లెక్క కూడా ఉంది. గంటకి డెబ్బై కిలోమీటర్ల వేగంతో పోయే బాతు సెకనుకి పంతొమ్మిది మీటర్లు పోతుంది. గుండ్లు ముప్పై మీటర్లు చేరడానికి సుమారు సెకనులో పదోవంతు. ఈలోగా పిట్ట రెండు మీటర్లు జరిగిపోతుంది, కాబట్టి దానికి అంత ముందు గురిపెట్టాలి. యాభై మీటర్లయితే మూడున్నర మీటర్ల దాకా ముందుకి పోవాలి. అంత ఖాళీ ఆకాశాన్ని ధైర్యంగా కాల్చగలిగేవాళ్లు తక్కువ. సహజంగానే వెనక పడుతుంది గురి. పిట్ట వెనకభాగంలో ఏముంటాయి? పేగులు, కాళ్లు. గాయపడ్డానికి సరిగ్గా సరిపోయే చోటు.

ఈ నేర్పడం వల్ల నిజంగా ఏమైనా మారుతుందా అని అనుమానం రావచ్చు. నాకూ వచ్చింది. దానికి జవాబు డెన్మార్క్‌లో దొరుకుతుంది. అక్కడ 1990ల మొదట్లో పింక్‌ఫుట్ గూస్‌లని (మన బాతుకి పెద్దన్నయ్యలు) బతికుండగా పట్టి ఎక్స్‌రేలు తీశారు. మొదటి ఏడాది పిల్లల్లో నాలుగింట ఒకదానిలో, అంతకన్నా పెద్దవాటిలో మూడింట ఒకటికి పైగా గుండ్లున్నాయి. దేశమంతా సిగ్గుపడింది. 1997లో గాయాలు తగ్గించడానికి ఒక ప్రణాళిక మొదలుపెట్టారు. వేటగాళ్ల సంఘమే ముందుండి, దగ్గర్నుంచే కాల్చండని ఊదరగొట్టింది. తర్వాత గూస్‌లకి పాతిక మీటర్లు దాటొద్దంది. షాట్‌గన్ లైసెన్సు కోసం అక్కడ కాల్చి చూపించే పరీక్ష ఉంటుంది, దూరం అంచనా వెయ్యడం కూడా అందులో భాగమే. ఆ తర్వాతి ఏళ్లలో తీసిన ఎక్స్‌రేల్లో గుండ్లున్న పిట్టల వాటా గట్టిగా తగ్గింది. సున్నా కాలేదు గానీ, తగ్గింది.

విక్టోరియాలో 1990 నుంచీ బాతుల్ని గుర్తుపట్టే పరీక్ష తప్పనిసరి. వీడియోలో ఎగిరే పిట్టని చూసి ఇది కొట్టదగ్గదా, రక్షిత జాతా చెప్పాలి. ఇది చాలా మంచి పనే. శబ్దాన్ని బట్టి బాణమేసి ఏనుగనుకుని మునిబాలుణ్ణి చంపిన దశరథుడు ఈ పరీక్షలో ఎటూ తప్పేవాడు. కానీ ఎన్నో ఏళ్ల పాటు కొట్టగలవా లేదా అన్న పరీక్ష మాత్రం పెట్టలేదు. కారు నడపడానికి ట్రాఫిక్ గుర్తులు చదివితే చాలు, స్టీరింగ్ పట్టి చూపించక్కర్లేదన్నట్టు. నన్నడిగితే ఈ దేశం చేసిన పెద్ద పొరపాటు ఇదే.

తుపాకుల సంగతి ఇంకో దారిలో మారింది. 1996 ఏప్రిల్ 28న టాస్మేనియాలో పోర్ట్ ఆర్థర్ దగ్గర ఒకడు 35 మందిని కాల్చి చంపాక దేశమంతా చట్టాలు బిగించారు, ఆరున్నర లక్షల తుపాకుల్ని ప్రభుత్వం కొని నాశనం చేసింది. వాటంతటవే తూటా ఎక్కించుకునేవీ, పంప్‌తో ఎక్కించుకునేవీ అయిన షాట్‌గన్‌లు మామూలు వేటగాళ్ల చేతుల్లోంచి పోయాయి. డబుల్ బ్యారెల్ మిగిలింది. రెండు తూటాలు, అంతే. మనుషుల కోసం చేసిన చట్టం వేటలో కూడా నిదానాన్ని తెచ్చిందని నా సహోద్యోగి అంటాడు. మొదటిది తగిలి పిట్ట గాయపడితే, రెండోది కొత్త పిట్టకి కాదు, దానికే. ఇంట్లో నేర్పే నియమాల్లో ఇదొకటి. పడ్డ పిట్టని వెతికి తెచ్చే బాధ్యత ఇప్పుడు చట్టంలోనే ఉంది, తెచ్చాక కనీసం రొమ్ము మాంసమైనా తీసుకోవాలి, ఊరికే పారెయ్యకూడదు.

మరి అందరూ ఇలాగే ఉన్నారా? లేరు. 1986 నుంచీ ఏటా లారీ లీవీ నాయకత్వంలో నిరసనకారులు సీజను మొదటిరోజు నీళ్లలోకి దిగి గాయపడ్డ పిట్టల్ని ఏరుతున్నారు. వాళ్లు తెచ్చి చూపించేవి కల్పితాలు కావు. 2013లో బూర్ట్ ఊరి దగ్గర బాక్స్ ఫ్లాట్ అనే చోట వందలాది బాతుల్ని కాల్చి ఏరుకోకుండా వదిలేశారు, అందులో అరుదైన ఫ్రెకిల్డ్ డక్‌లు కూడా ఉన్నాయి. మరుసటి ఏడాది, 2014లో, గేమ్ మేనేజ్‌మెంట్ అథారిటీ అని ప్రత్యేక సంస్థ పెట్టారు. 2017లో కెరాంగ్ దగ్గరి కూరాంగీ చిత్తడినేలల్లో మళ్లీ అదే కథ, తెల్లవారకముందే కాల్పులు, రక్షిత జాతులు. తర్వాత మొదటిరోజు మొదలుపెట్టే వేళని పొద్దెక్కేదాకా వెనక్కి జరిపారు, కనీసం పిట్ట కనబడుతుందని.

గుంపులో చేరితే దూరం ఎలా మర్చిపోతారో నా సహోద్యోగి బాగా చెప్పాడు. చెరువు చుట్టూ యాభై మందున్నప్పుడు, నువ్వు కాల్చకపోతే పక్కవాడు కాలుస్తాడన్న ఆత్రం పుడుతుంది. అరవై మీటర్ల పైన పోయే పిట్టని కూడా ఎవడో ఒకడు పేలుస్తాడు. దాన్ని స్కైబస్టింగ్ అంటారు. ఒకడు మొదలుపెడితే పిట్టలన్నీ ఎత్తుకి పోతాయి, ఆ తర్వాత దగ్గర్లో కాల్చాలనుకున్నవాడికి కూడా దగ్గర్లో పిట్ట దొరకదు. అందుకే ఆయన కొడుకుని మొదటిరోజు తీసుకెళ్లడు, జనం పల్చబడ్డాక రెండో వారం తీసుకెళ్తాడు.

2023లో విక్టోరియా పార్లమెంటు కమిటీ ఒకటి విచారణ జరిపింది. పదివేలకి పైగా అర్జీలొచ్చాయి. ప్రభుత్వ, ప్రైవేటు భూములన్నిటిలోనూ ఈ వేట ఆపెయ్యండని ఆగస్టులో సిఫార్సు చేసింది. 2024 జనవరిలో ప్రభుత్వం ఆపం అంది, వేటగాళ్లకి శిక్షణ తప్పనిసరి చేస్తాం, జరిమానాలు పెంచుతాం అంది. రెండువైపులా తిట్టుకున్నారు.

ఆపెయ్యమనేవాళ్ల వాదనలో ఒక ముక్కకి నాకు జవాబు దొరకలేదు. ముప్పై మీటర్లన్నది సలహా. చెరువు మీద దాన్ని కొలిచేవాడు లేడు. ఇన్‌స్పెక్టరు లైసెన్సు చూడగలడు, తూటాలో సీసముందేమో చూడగలడు, సంచిలో పిట్టలు లెక్కపెట్టగలడు. పేల్చిన క్షణంలో పిట్ట ఎంత దూరంలో ఉందో ఎవడు చెప్పగలడు? అది తెలిసేది కాల్చినవాడికే, వాడికి కూడా పొలంలో అట్టబాతుల మధ్య నడిచి ఉంటేనే.

నా ప్రాజెక్టు ఆ ఏప్రిల్లో అయిపోయింది. వచ్చేసే ముందు అబ్బాయి సీజను ఎలా సాగిందని అడిగాను. మూడు ఉదయాలు వెళ్లారట. దీమాల గీత లోపలికి నాలుగు బాతులొచ్చాయట, అందులో రెండు కొట్టాడు, రెండూ దొరికాయి. మిగతా సమయమంతా ఏం చేశాడని అడిగితే, పైన పోయేవాటిని చూసి "యాభై, నలభై, అరవై" అని దూరాలు చెబుతూ కూర్చున్నాడని, తను లేజరుతో సరిచూస్తూ కూర్చున్నానని నవ్వాడు.